కథలు రాసేటోళ్లకు జేబు నోట్‌బుక్: ఏం రాయాలె, ఎట్ల రాయాలె

కథలు రాద్దామని నోట్‌బుక్ కొన్నోళ్లు మొదటి పేజీల్లో రాసేది ఇంచుమించు ఒక్కతీరుగనే ఉంటది. "రైతు కష్టాల మీద కథ. గిట్టుబాటు ధర, దళారుల మోసం." "ముసలి తల్లిదండ్రులు, కొడుకు అమెరికా." ఆర్నెల్లయినంక ఆ పేజీ తెరిస్తే ఒక్క వాక్యం కూడ కథ దిక్కు కదలది. ఎందుకు కదలాలె? ఇంట్ల ఫ్యాన్ కింద కూర్చొని ఎవరైనా రాయగలిగిన మాటలవి. అసొంటియి రాసుకునేందుకు నోట్‌బుక్ అవసరమే లేదు.

బుక్కులోకి ఎక్కాల్సింది కంటికో చెవికో దొరికిన ముక్క. ఐడియా తర్వాత దాంట్లకెల్లి పుడతది. అదే రైతు గురించి పనికొచ్చే నోట్ ఒకటి ఎట్ల ఉంటదో చూడండి:

"ఫిబ్రవరి మూడో వారం, మంగళారం, పొద్దున 8 దాటింది. ఎనుమాముల, మిర్చి యార్డు. ఖరీదుదారు బస్తాల మోచెయ్యి దాక చెయ్యి పెట్టి అడుగు కాయ గుంజిండు. ఇరిచి చూసిండు. రేటు చెప్పలే, పక్క బస్తా కాడికి పోయిండు. రైతు కింద పడ్డ ఇరిగిన కాయను ఏరి మళ్ల బస్తాలనే ఏసిండు."

ఇందులో దిగులు అన్న మాట లేదు, మోసం అన్న మాట లేదు. రాసినోళ్లకు ఇది ఏ కథలోకి పోతదో అప్పుడే తెల్వది, తెలవాల్సిన పని కూడ లేదు. ఆ ఇరిగిన కాయ బస్తాలోకి తిరిగి పోయినంతసేపు పేజీ బతికే ఉంటది.

ఒక నోట్‌కు అయిదారు వాక్యాలు చాలు. ఎక్కడ, ఎప్పుడు అన్నది ముందు. తర్వాత మనిషి చేసిన ఒక పని, అన్న ఒక మాట, ఒక అంకె. అంకెను చాలామంది వదిలేస్తరు, తర్వాత వేళ్లు కొరుక్కునేది దాని కోసమే. క్వింటాల్ రేటెంత, హమాలీకి ఎంత ఇచ్చిన్రు, బస్తా ఎన్ని కిలోలు తూగింది అన్నవి రెండు రోజుల్లనే మర్చిపోతం. మనిషి మొఖం ఏడాదైనా యాదికుంటది గని, కాంటా మీది అంకె ఉండది.

రకం పేరు కూడ అట్లనే. మిర్చి అని రాస్తే సరిపోదు. తేజానా, చపాటానా? 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా బొద్దుగ, ఎర్రగ ఉంటది. రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజా సన్నగ ఉంటది, పక్కన నిలబడితేనే దగ్గు వస్తది. చపాటా బస్తా విప్పంగనే ఘాటుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయని కథలో రాస్తే, మనకాడ మిరపతోట పెట్టిన ఏ మనిషైనా అక్కడనే పత్రిక మడిచి పక్కకు పెడ్తడు.

మీ అభిప్రాయం రాసుకోవాలనిపిస్తే రాసుకోండి, కాని అడుగున ఒక గీత కొట్టి దాని కింద రాయండి. చూసింది పైన, అనుకున్నది కింద. రెండూ కలిసిపోతే ఏడాదైనంక ఏది నిజంగ జరిగింది, ఏది మీరు కల్పించుకున్నది అన్న తేడా దొరకది.

ఇక బుక్కు సంగతి. రెండు కావాలె. జేబులోకి ఒకటి, ఇంట్ల ఒకటి. జేబుది ఏ6 సైజు, అంటే 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 పొడుగు, లేదంటే అంతకన్న చిన్నది. 80 నుంచి 100 పేజీలుంటే చాలు, అంతకన్న లావైతే జేబులో ఉండది, ఇంట్లనే ఉండిపోతది. బైండింగ్ కుట్టుది తీసుకోండి. గమ్ము పెట్టి అతికించినయి మన ఎండకాలానికి ఆగవు, మే నెల అయిపోయేసరికి నడుమ పేజీలు ఊడి చేతికొస్తయి. స్పైరల్‌ది జేబులో వంగుతది, తీగె బట్టకు పట్టుకుంటది. తోలు అట్ట, రిబ్బను ఉన్న ఖరీదైన డైరీలు అసలే వద్దు. పేజీ ఖరాబైతదేమోనని ఒక్కో వాక్యం ఆలోచించి చెక్కుడు మొదలుపెడ్తరు, అట్ల చెక్కిన వాక్యంలో విన్న మాట ఉండది. చౌరస్తాల ఏ స్టేషనరీ దుకాణంలనైనా దొరికే చిన్న బుక్కు చాలు, పోయినా బాధుండది.

పెన్ను బాల్‌పెన్నే. జెల్ పెన్ను రాత ముచ్చటగ ఉంటది గని, చెమట చెయ్యి తగిలితే అలుక్కుపోతది, వానల తడిస్తే పేజీ మొత్తం నీలి మరక. వానకాలం మూడు నెలలు పెన్సిలైనా మంచిదే. తడిసి ఆరినా గీత అట్లనే ఉంటది. బుక్కును ఒక చిన్న పాలిథిన్ కవర్లో పెట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి. ఆ రబ్బర్ బ్యాండే పేజీ గుర్తుకు కూడ పనికొస్తది.

కొన్న రోజే ఒక అర్ధగంట కూర్చొని పేజీలకు నంబర్లు వేయండి. మొదటి 4 పేజీలు ఖాళీగ వదలండి, అది విషయసూచిక. అట్ట లోపల పేరు, ఫోన్ నంబర్. రాసేది కుడి పేజీ మీదనే. ఎడమ పేజీ ఖాళీ. కాయితం దండుగ అనిపిస్తది కాని, అసలు పని తర్వాత ఆ ఎడమ పేజీలోనే జరుగుతది.

ఎప్పుడు రాయాలె? మనిషి ముందట బుక్కు తీయొద్దు. తీసిన నిమిషానికి మాట మారుతది, అప్పటిదాక "ఏంరా" అన్నాయన "చెప్పండి సార్" అంటడు. చౌరస్తాల ఆటో స్టాండ్ కాడైనా, ఊర్ల రచ్చకట్ట కాడైనా ఇదే లెక్క. పక్కకొచ్చి రాయాలె, గంటలోపు. గంట దాటితే విన్న మాట అర్థంగ మారిపోతది. ఏమన్నడో గుర్తుంటది గని ఎట్లన్నడో ఉండది. కుదరకపోతే వాక్యం చివరి మాటొక్కటి, పిలిచిన పిలుపొక్కటి పట్టుకోండి. ఈ రెండు గుర్తుంటే నడుమది చాలావరకు తిరిగి వస్తది. ఫోన్‌లో ఆ రెండు మాటలు కొట్టి పెట్టుకున్నా సరే, ఆరోజు రాత్రే బుక్కులోకి ఎక్కించాలె.

మాటలకు ఇప్పుడు మన దిక్కు పల్లెవెలుగు బస్సును మించిన జాగ లేదు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనంక బస్సుల్లో మాటల తీరే మారింది. ఇంతకుముందు పైసలు చూసుకొని ఆగిపోయిన అవ్వలు, కోడండ్లు, కూలికి పోయేటోళ్లు గుంపులుగ ఎక్కుతున్నరు, గంట ప్రయాణంలో ఇంటి సంగతులన్నీ బయటికొస్తయి. వింటున్నట్టు కనపడకుండ కిటికీ దిక్కు చూసుకుంట కూర్చుంటే చాలు. నోట్ ఇట్ల రావొచ్చు:

"హన్మకొండ–ములుగు బస్సు, మధ్యాహ్నం. అవ్వ ఆధార్ చూపెట్టి జీరో టికెట్ తీసుకున్నది. టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి కొంగుల ముడేసింది. పక్కామె: 'పైసల్లేని టికెట్‌కు గంత భద్రమెందుకే అవ్వా?' అవ్వ: 'ఏమో బిడ్డా, రేపు అడుగుతరేమో.'"

మాటను రాసుకునుడు మాత్రం వేరే విద్య. బుక్కుల్లో ఎక్కువ ఖరాబయ్యేది ఇక్కడనే, అందుకే కొంచెం నిదానంగ చెప్త.

బడిలో నేర్చిన చెయ్యి విన్నదాన్ని తెల్వకుండనే దిద్దుతది. "పొద్దుగాలనే పోయిండు, అంతు లేదు పొంతు లేదు" అని విని "ఉదయాన్నే వెళ్లాడు, ఇంకా రాలేదు" అని రాస్తం. సమాచారమైతే వచ్చింది, మాట్లాడిన మనిషి పోయిండు. విన్న గంటలోపే రాయమనేది ఇందుకే. ఆలస్యమైన కొద్దీ ఈ దిద్దుడు ఎక్కువైతది.

దీనికి ఎదురు దిక్కు తప్పు కూడ ఉన్నది, ఈమధ్యల ఇదే ఎక్కువ కనపడుతున్నది. యాస అనంగనే ప్రతి మాటకు ముందు ఒక గకారం తగిలించుడు: గిట్ల, గట్ల, గాడ, గప్పుడు, గా ముచ్చట. మనోళ్లు గట్లనే మాట్లాడుతరు, నిజమే. కాని ప్రతి వాక్యంలో కాదు. ఒత్తి చెప్పాల్సిన కాడ "గంతే" అంటరు, మామూలుగ "అంతే" అనే అంటరు. అన్నిటికీ తగిలిస్తే అది సినిమా కమెడియన్ మాట అయితది, ములుగు రోడ్డు మీద ఆటో నడిపేటాయన మాట కాదు. ఎక్కడ వాడిండో, ఎక్కడ వాడలేదో రెండూ బుక్కులో ఉండాలె.

చెవి పెట్టాల్సింది క్రియ చివర్లకు, పిలుపులకు. వరంగల్ చుట్టుపక్కల "వచ్చిండు, వస్తున్న" వినపడితే, కరీంనగర్, పెద్దపల్లి దిక్కు "అచ్చిండు, అత్తున్న" వినపడతది. కథలో హుజూరాబాద్ పెద్దమనిషి నోట్లో వరంగల్ మాట పెడితే బయటోళ్లకు తెల్వదు గని ఆ ఊరోళ్లకు తెలుస్తది. అందుకే ప్రతి మాట పక్కన ఊరు పేరు, మనిషి వయసు సుమారుగ, చేసే పని. బొగ్గుబాయిల ఊరు గోదావరిఖనిలో అయితే మస్టర్ (హాజరు), ప్లే డే (వారం సెలవు), ఫస్ట్ షిఫ్ట్ అన్న మాటలు ఇంట్ల ఆడవాళ్ల నోట కూడ వస్తయి. బొగ్గుబాయి మాట వంటింటి దాక వచ్చిందంటే అది రాసుకోవాల్సిన సంగతే. ఒకే ఇంట్ల అవ్వ "దవాఖాన" అంటది, మనవడు "హాస్పిటల్" అంటడు. ఇద్దర్ని ఒకే సీన్లో పెట్టినప్పుడు ఇది గుర్తుండాలె.

పిలుపుల కోసం బుక్కు చివర 2 పేజీలు వేరుగ పెట్టుకోండి. ఎవరు ఎవరిని ఏమని పిలిచిన్రు, అంతే. బాపు, నాయిన, పెద్దవ్వ, చిన్నమ్మ, కాకా, తమ్మీ, బిడ్డా, పటేలా, దొరా, సారు. పేరు పెట్టి పిలిచే వయసు మనిషి ఇంకొకాయనను "పటేలా" అంటున్నడంటే వాళ్ల నడుమ ఏముందో ఒక పేరా రాసి చెప్పే పని తప్పింది. ఇంకా విలువైనవి పిలుపు నడుమల మారిన సందర్భాలు. కిరాయి మాట్లాడేటప్పుడు "అన్నా" అన్న ఆటోవాలా, పైసల కాడ లొల్లి అయినప్పుడు "సారూ" అన్నడనుకోండి. కథ మలుపు అక్కడనే ఉన్నది, ఆ ఒక్క మాటే పేజీ నంబర్‌తో విషయసూచికలోకి ఎక్కాలె.

కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9 నాడు తెలంగాణ భాషా దినోత్సవమని మన భాష గురించి మస్తు ఉపన్యాసాలు వింటం. ఆనాడు సభకు వచ్చినోళ్లు సభ అయిపోయినంక గేటు కాడ ఛాయ తాక్కుంట మాట్లాడుకునేది రాసుకుంటే ఇంకా మంచిగుంటది.

ఫోన్‌లో వాయిస్ టైపింగ్ దీనికి పనికిరాదు. "వచ్చిండు" అంటే "వచ్చాడు" అని దిద్ది పెట్టే సందర్భాలు ఎక్కువ. ఎదుటోళ్లకు చెప్పకుండ మాటలు రికార్డ్ చేసుడు మాత్రం అసలే చేయొద్దు, అది వేరే తగాదా.

చూసింది, విన్నది, చదివింది కలవకుండ పక్కన ఒక్కో అక్షరం వేసే అలవాటు పెట్టుకోండి: చూ, వి, చ. రామప్ప గుడికి పోయొస్తే ఎట్ల రాయాలె? 1213 నాటి శాసనం, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండన్నది, 2021లో యునెస్కో గుర్తింపు – ఇవి "చ", చదివిన పుస్తకం పేరు, పేజీతో సహా. శిల్పి పేరు మీద గుడికి పేరొచ్చిందని అక్కడోళ్లు చెప్పేది "వి". నల్లరాతి మదనిక (నాట్యం చేసే ఆడమనిషి శిల్పం) కింద నిలబడి అదే తీరుగ వంగి ఫోటో దిగిన అమ్మాయి కుడి ఎడమలు తప్పు పెట్టుకుంటే, పక్కనున్న తమ్ముడు "ఆ కాలు కాదే, ఈ కాలు" అని సరిజేస్తే, అది "చూ". కథకు అక్కరకొచ్చేది చాలాసార్లు ఈ "చూ"నే. "చ", "వి" కలగలిపి రాస్తే మాత్రం జనం చెప్పుకునే కథను చరిత్ర అని అచ్చేసినట్టు అయితది.

పండుగలప్పుడు అందరూ రాసేది రాయొద్దు. బతుకమ్మ అంటే తంగేడు, గునుగు, చప్పట్లు అని బుక్కులో రాసుకునేదేముంది, అది అందరికీ ఎరుకే. గునుగు పూలకు రంగు అద్దిన చేతులు మర్నాడు టిఫిన్ బాక్స్ మూత తీసినప్పుడు ఎట్లున్నయో చూడండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆనాడు ఆడరు. ఆ సాయంత్రం వాకిట్ల ఖాళీగ కూర్చున్న ఆడవాళ్లు ఏం మాట్లాడుకున్నరు? కొన్ని ఊర్లల్ల సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు కాకుండ ఏడో రోజే చేస్తరు, కాబట్టి ఊరు పేరు లేని నోట్ ఇక్కడ తప్పుదోవ పట్టిస్తది. మేడారం సమ్మక్క సారక్క జాతర కూడ అంతే. రెండేండ్లకోసారి వచ్చే జాతరలో జనసందోహం టీవీలో కూడ దొరుకుతది. మనిషి బరువంత బెల్లం మొక్కు ఇచ్చి, ఆ బెల్లాన్ని బంగారమని పిలిచే చోట, తూకం కాంటా కాడ నిలబడి తన బరువు అందరి ముందట చదివినప్పుడు ఒక మనిషి మొఖం ఎట్లయిందో టీవీలో రాదు.

ఇక ఎడమ పేజీ. వారానికోసారి, ఆదివారం పొద్దుగాల అనుకోండి, 40 నిమిషాలు కూర్చోండి. ఆ వారం నోట్లన్నీ చదివి, ఇంకా చూడాలనిపించే వాటిని 2 లేక 3 మాత్రమే ఇంట్ల ఉన్న లాంగ్ బుక్కులోకి ఎత్తి రాయండి, ఒక్కోదానికి ఒక కుడి పేజీ. అన్నీ ఎత్తితే ఆ పని మూడో వారానికే ఆగిపోతది, ఇది ఖాయం. మిగిలినవి జేబు బుక్కులోనే ఉంటయి, ఎటూ పోవు. ఎత్తి రాసేటప్పుడు భాష దిద్దొద్దు. జేబు బుక్కు ఎడమ పేజీల పెద్ద బుక్కు పేజీ నంబర్ వేయండి.

నెలకోసారి లాంగ్ బుక్కు తెరిచి, సంబంధం లేని రెండు నోట్లు పక్కపక్కన పెట్టండి. ఎడమ పేజీల ప్రశ్నలు రాయండి, జవాబులు కాదు. పైన చెప్పిన రెండింటినే తీసుకుందాం: ఇరిగిన కాయను బస్తాలో వేసిన రైతు, జీరో టికెట్‌ను కొంగుల ముడేసిన అవ్వ. ఇద్దరూ విలువ లేనిదాన్ని దాచుకున్నరు. ఎందుకు దాచుకున్నరన్నది మాత్రం ఒకటి కాదు: ఆయనకు ఒక్క కాయ పోవుడు కూడ లెక్కనే, ఆమెకు రేపు ఎవరో అడుగుతరన్న భయం. వీళ్లు తల్లీకొడుకులైతే? కొడుకు బస్తాలతోని డీసీఎం వ్యాన్ల పోయిండు, తల్లి వెనకనే బస్సుల వస్తున్నది. ఎందుకొస్తున్నది? కొడుకు రమ్మన్నడా, చెప్పకుండ వచ్చిందా? ఆ కాంటా చిట్టీ మీద ఎవరి పేరున్నది? పట్టా ఎవరి పేరు మీదున్నది? ఇక్కడికి వచ్చేసరికి రైతు కష్టాలు అన్న పాత వాక్యం ఎటో పోయింది, ఒక ఇల్లు వచ్చి కూర్చున్నది.

ప్రశ్నలు అయిదారు దాటి వరుసగ వస్తనే ఉంటే ఆ జత పనికొచ్చేది, కథ మొదలుపెట్టొచ్చు. రెండు ప్రశ్నలకే ఆగిపోతే బలవంతం చేయొద్దు, ఇంకో నోట్‌తో జత కట్టి చూడండి. విన్న వారమే దేన్నీ కథ చేయొద్దని నా లెక్క, నెల ఆగాలె. ఆ వారం మనకు ఆ మనిషి మీద జాలో కోపమో ఉంటది, కథల కూడ అదే వినపడతది.

వాడుకున్న నోట్ మీద అడ్డంగ ఒక గీత కొట్టి కథ పేరు, తేదీ రాయండి. లేకపోతే అదే కొంగుముడి మూడు కథల్లో తేలుతది, చదివేటోళ్లు పట్టుకుంటరు.

పేర్ల విషయంలో జాగ్రత్త. ఊర్లన్నీ చిన్నవి, బుక్కులు పోతుంటయి. అసలు పేరు ఎక్కడా రాయొద్దు. "చెయ్యి విరిగిన మేస్త్రి" లాంటి గుర్తు చాలు. దవాఖానల్లో, పోలీస్ స్టేషన్ బయట, చావు ఇంటి కాడ విన్నవాటిలో ఊరు కూడ మార్చి పెట్టుకోండి. ఇక్కడ పైన చెప్పిన ఊరి పేరు నియమాన్ని తప్పినట్టే, కాని మాండలికం గుర్తుకు "కరీంనగర్ దిక్కు" అంటే సరిపోతది. కథలో వాడేటప్పుడు పని, వయసు, ఇంట్ల మనుషుల సంఖ్య, వీటిలో కనీసం రెండు మార్చండి.

ఫోటోలు తీసుకోండి, తప్పులేదు. కాని ఫోటో ఉన్నది కదా అని నోట్ రాయకపోతే ఆ ఫోటో నాలుగు వేల ఫోటోల కింద పడి పోతది. దుకాణం బోర్డులు, గోడ రాతలు, రేట్ల పట్టికల లాంటివాటికి ఫోటో మంచిది. మనిషి చేసిన పనికి మాటలే కావాలె.

నిండిన బుక్కు వెనక అట్ట మీద మొదటి తేదీ, చివరి తేదీ మార్కర్‌తో రాసి, ప్రతి పేజీకి ఫోన్‌తో ఫోటో కొట్టి ఈమెయిల్‌కు పంపుకోండి, ఒక పావుగంట పని. బుక్కుల్ని గోడకు ఆనించి కింద పెట్టొద్దు. వానకాలం చెమ్మకు మొదట గోడ పక్క వరుసకే చెదలు పడ్తయి, పైనుంచి చూస్తే అట్ట బాగనే ఉంటది, తీస్తే లోపల పేజీలుండవు. రేకు పెట్టెలో రెండు నాఫ్తలిన్ ఉండలు వేసి, ఇటుకల మీద ఎత్తుగ పెడితే ఆగుతయి. ఉండలు కరిగిపోతుంటయి కాబట్టి మూడు నెలలకోసారి మార్చాలె.